సగం గుండు

శుక్రవారం రాత్రి, 2023
అల్ ఖూజ్ లేబర్ క్యాంపు

నెత్తికి ఏసీ గాలి తగిలినప్పుడల్లా ఒళ్లు మండుతోంది.

పక్క వీధి గోదాములో ఎగ్జిబిషన్ పెట్టారు. చైనాలో రాజుల పాలన కూలిపోయే రోజుల్లో మామూలు జనం ఎలా బతికారో చూపిస్తారట. చూపించడానికి మా ముదీర్‌కి, అంటే మేనేజర్‌కి, మేమే దొరికాం. నాకూ, మా గది మల్లేశానికీ ముందు సగం గుండు గీయించి, వెనక సవరం కట్టించి, పల్లకి మోయించాడు. టికెట్ కొన్నవాళ్లు ఎక్కి ఫొటోలు దిగారు. ఆ కాలం ఎంత ప్రశాంతంగా ఉండేదో అని ఒకామె మురిసిపోయింది. ఉంటుంది మరి, కూర్చున్నది ఆమె కదా.

పల్లకి చేసిన చైనా వడ్రంగి చెన్‌కీ మేనేజర్ ఒక సవరం ఇచ్చాడు. చెన్ దాన్ని బల్ల మీద పడేసి తన పని చూసుకున్నాడు. చాయ్ దగ్గర వచ్చీరాని హిందీలో నాతో చెప్పాడు. అప్పట్లో ఇలా సగం గుండు గీయించుకుని వెనక జడ వేసుకోకపోతే రాజు తల తీయించేవాడట. ఆ రాజు దిగిపోగానే చెన్ ముత్తాత తన జడ కోసి పొయ్యిలో వేశాడట.

"తుమ్‌కో కిస్‌కా డర్ థా?" అని అడిగాడు, మీకెవరి భయమని.

"ముదీర్ గీయించుకోమన్నడు, గీయించుకున్నం" అని మల్లేశం ఇకిలించాడు. సిగ్గులేని మొహం. నాది మాత్రం వేరేనా?

ఇందాక వీడియో కాల్‌లో నా తల చూసి ఊళ్లో ఉన్న నా భార్య సుజాత గాబరా పడింది.

"ఎవరు పోయిండ్రు?"

"చైనా రాజు. ఎన్నడో పోయిండు."

"మరి నువ్వెందుకు గీయించుకున్నవ్?"

సిగ్నల్ లేదని పెట్టేశాను.