జలపాతం దగ్గర అమ్మ అన్న మాట

అన్నయ్యా,

ఫోన్‌లో చెబితే మధ్యలోనే నాన్నని వెనకేసుకొస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నాన్నకి ఈ ప్రయాణంలో ఏదీ నచ్చలేదు. అడవిలో జలగలున్నాయని, పడవ ఊగుతోందని ప్రతిదానికీ అమ్మనే తిట్టాడు. వాన కూడా అమ్మే కురిపించినట్టు మాట్లాడాడు. నిన్న పెద్ద జలపాతం దగ్గరికి వెళ్ళాం. ఆ హోరులో నాన్న నోరు కదులుతోంది గానీ ఒక్క ముక్క వినపడలేదు. అమ్మ తుంపరలో తడుస్తూ అక్కడే నిలబడిపోయింది. రమ్మని చెయ్యి పట్టుకుంటే నా చెవిలో అంది: "పెళ్ళయ్యాక ఇవాళే నా చెవులు చల్లబడ్డాయే. ఇంక నేను ఆయనతో ఆ ఇంటికి రాను."

ఏదో ఆవేశంలో అందనుకున్నాను. గదికి వచ్చాక, తడి చీర ఆరేస్తూ, నాన్న ముందే మళ్ళీ అదే మాట నెమ్మదిగా చెప్పింది. నాన్న ఎందుకని కూడా అడగలేదు. "మరి నా మాత్రలు ఎవరిస్తారు?" అన్నాడు.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. పై ఆదివారం రైలు దిగుతాం. స్టేషన్‌కి వచ్చి నాన్నని నీ ఇంటికి తీసుకెళ్ళు. అమ్మకి నచ్చజెబుదామనుకుంటే మాత్రం అసలు రావద్దు. నాన్నని ఆటో ఎక్కించి నేనే పంపిస్తాను.

చెల్లి