ఫ్రొయిలాన్ బల్ల మీద పాలగ్లాసు

మోయేపంప, అరాని దగ్గర,
బొలీవియా.
డిసెంబరు మూడో వారం.

ప్రియమైన మార్గిత్ అక్కకు,

నీ చెల్లెలు గున్వోర్ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేనూ టోర్‌స్టెనూ బాగానే ఉన్నాం. అక్కడ నీ మోకాళ్లూ, బావగారి గుండే ఈ చలికి ఎదురు తిరగకుండా కుదురుగా ఉన్నాయని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. మొదటిసారి చదివితే కోపం వచ్చింది. తగ్గుతుందేమోనని మళ్లీ చదివాను. తగ్గలేదు. ఈ జవాబులో ఎక్కడైనా కారం ఎక్కువైతే భరించు. చిన్నప్పటి నుంచి నీకది అలవాటే.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. టోర్‌స్టెన్‌కి చెవుడు పెరిగింది, మిగతా అంతా బాగుంది. పాలు దొరుకుతున్నాయి. వానలు మొదలయ్యాయి. నువ్వు పంపిన ఊలు మేజోళ్లు నేనే వేసుకుంటున్నాను, ఆయన పాదాలకి పట్టలేదు.

"ఇద్దరు ముసలాళ్లు ఆ మారుమూల రోజంతా ఏం చేస్తారు?" అని రాశావు. తిరుగుతాం అక్కా. మిషన్ పనిలో ఉన్నన్నాళ్లూ ఎవరింటికెళ్లినా బైబిలు చంకన పెట్టుకునే వెళ్లాం. జనం కుర్చీలు వేసి, చేతులు కట్టుకుని, వీళ్లెప్పుడు లేస్తారా అని చూసేవాళ్లు. ఇప్పుడు ఉత్త చేతులతో వెళుతున్నాం. ఇప్పుడెవరూ కుర్చీ వెయ్యరు. బఠాణీల గంప ముందుకు తోసి ఒలవమంటారు. నాకిదే బాగుంది. మంగళవారం పునాతా సంతకి మినీ బస్సులో వెళతాం. ఒళ్లో మన సంచీ, భుజం మీద పక్కవాళ్ల కోడి. దుంపలమ్మే నీవెస్ దగ్గర కొసరు కోసం ఒక గొడవ పెట్టుకుంటాను. "పాస్టరమ్మా, స్వర్గంలో కూడా కొసరడుగుతావా ఏంది?" అంటుంది. "అక్కడ నువ్వు తూకం వెయ్యవుగా, అవసరం ఉండదు" అంటాను. పక్కవాళ్లు నవ్వుతారు, ఆవిడ ఇంకో గుప్పెడు వేస్తుంది. ఇలా గడుస్తున్నాయి మా రోజులు. ఇందులో నువ్వు జాలిపడాల్సింది నాకేమీ కనబడదు.

ఇక అసలు సంగతి. టోర్‌స్టెన్ కల్లు ఇంట్లో కూర్చుంటున్నాడనీ, చచ్చినవాళ్ల బల్ల ముందు ప్రార్థన చేశాడనీ నీకెవరో చెప్పారు. రెండూ నిజమే. చెప్పినవాళ్లు సగమే చెప్పారు, మిగతా సగం నేను చెబుతాను.

మా ఇంటికి ఎదురుగా ఉండే ఫ్రొయిలాన్ గురించి పాత ఉత్తరాల్లో రాశాను, నీకు గుర్తుండాలి. ఇక్కడ గడకర్రకి తెల్లగుడ్డ కట్టి గుమ్మం మీద నిలబెడితే లోపల మొక్కజొన్న కల్లు తయారుగా ఉందని గుర్తు. ఫ్రొయిలాన్ ఇంటి మీద ఆ జెండా దిగిన రోజు నేను చూడలేదు. టోర్‌స్టెన్ దాని కింద నిలబడి కల్లు గురించీ, నవంబరు ఒకటిన చచ్చినవాళ్లు ఇంటికొస్తారని బల్ల వేసి వంటలు పెట్టే ఆచారం గురించీ గొంతు పోయేదాకా ప్రసంగించేవాడు. లోపల ఫ్రొయిలాన్ అకార్డియన్ అందుకునేవాడు. ఇద్దరిలో ఎవరు ముందు అలిసిపోతారా అని ఊరు పందేలు కాసేది.

మేం రిటైరై చర్చి తాళాలు కుర్రపాస్టరు విల్మర్‌కి అప్పజెప్పిన సాయంత్రం, ఫ్రొయిలాన్ తన గుమ్మంలోంచి కేకేశాడు. "ఏం బావా, ఇక జీతం లేదు గదా. ఇప్పుడైనా లోపలికొస్తావా, లేక మీ దేవుడి సెలవు కావాల్నా?" టోర్‌స్టెన్ నా మొహం చూశాడు. నేను వెళ్లమన్నాను. ఆనాటి నుంచి రోజూ సాయంత్రం ఆ ముంగిట్లో ఇత్తడి కప్ప నోట్లోకి బిళ్లలు విసిరే ఆట. టోర్‌స్టెన్ చుక్క కల్లు ముట్టలేదు. ఎండు పీచుపళ్ల పానకమే తాగాడు, అదీ వేరే గ్లాసులో. "ఈ ఇంట్లో కల్లు అంటని గ్లాసు ఇదొక్కటే" అని ఫ్రొయిలాన్ దాన్ని గూట్లోంచి తీసి తుడిచి ఇచ్చేవాడు. కల్లు ఇంట్లో అలాంటి గ్లాసెందుకుందని టోర్‌స్టెన్ అడిగాడు. "ఒకడున్నాడులే, తాగనివాడు. ఏడాదికోసారి వస్తాడు" అన్నాడట. ఎవరో చుట్టమనుకున్నాం.

పోయిన వానాకాలంలో ఫ్రొయిలాన్ పోయాడు. టోర్‌స్టెన్ సాయంత్రం కాగానే టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, గుర్తొచ్చి మళ్లీ కూర్చునేవాడు. చూడలేకపోయాను.

అక్టోబరులో ఫ్రొయిలాన్ పెళ్లాం కాసిల్ద మా ఇంటికొచ్చింది. కూర్చోకుండానే మొదలుపెట్టింది. "వదినా, నవంబరు ఒకటిన మా ఆయనకి బల్ల వేస్తున్నా. పోయాక మొదటి బల్ల. మీ ఆయన రావాల. చచ్చేముందు ఆయన చెప్పిన మాట చెప్తున్నా, నాది కాదు. 'చచ్చినోళ్లు తిరిగిరారని బావ మన గుమ్మంలో ఇన్నేళ్లు అరిచాడు గదా. నా బల్ల ముందుకొచ్చి ఆ మాట నా మొహమ్మీద చెప్పమను' అన్నాడు."

టోర్‌స్టెన్ కొన్నాళ్లు నలిగిపోయాడు. చివరికి నేనే ఆయన కోటు దులిపి చేతికిచ్చాను. ఇద్దరం వెళ్లాం.

నల్లగుడ్డ పరిచిన బల్ల. ఫ్రొయిలాన్‌కి ఇష్టమైన వేరుశనగ సూపు, చెరుకుగడలు, కుండలో కల్లు, పోయినవాళ్లు దిగిరావడానికి రొట్టెతో చేసిన నిచ్చెన, వాళ్లలో ఒక్కొక్కరికీ ఒక రొట్టె బొమ్మ. బొమ్మలకి రంగు వేసిన చిన్న మొహాలు అంటించి ఉన్నాయి. గదినిండా జనం. టోర్‌స్టెన్ టోపీ తీసి నిలబడ్డాడు. "ఫ్రొయిలాన్, నువ్విక్కడ లేవు. అది నాకు తెలుసు" అన్నాడు. "కానీ సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలియడం లేదు బావా" అన్నాడు. అంతే, పసివాడిలా ఏడ్చాడు.

కాసిల్ద ముక్కు తుడుచుకుని అంది, "విన్నారుగా అందరూ. మా ఆయన అడిగినట్టే మొహమ్మీదే చెప్పాడు. ఇక ప్రార్థన చెయ్యి పాస్టరయ్యా."

ఆయన క్రీస్తు నేర్పిన ప్రార్థన చేశాడు, ఈ ఊరి క్వెచువా భాషలో. అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. ప్రార్థించినవాళ్లకి బల్ల మీది రొట్టెలు ఇచ్చి పంపుతారు. వద్దంటే పోయినవాణ్ణి గుమ్మంలోంచి గెంటేసినట్టు లెక్క. ఆయన టోపీ పట్టాడు, కాసిల్ద నింపింది.

దారిలో విల్మర్ ఎదురయ్యాడు. టోర్‌స్టెనే బాప్తిస్మమిచ్చిన కుర్రాడు. మర్యాదస్తుడే.

"అయ్యగారూ, టోపీలో ఏంటండీ?"

"రొట్టెలు."

"ఎవరివండీ?"

"ఫ్రొయిలాన్‌వి."

"ఆయన పోయారు గదండీ."

"అవును, అందుకే ఇచ్చారు."

నీ మరిదికి అబద్ధం రాదు, ఏం చేస్తాం. రెండు వారాలు తిరక్కుండా నగరం నుంచి మిషన్ పెద్దాయన జీపులో దిగాడు. టీ తాగాడు, మా తోటని మెచ్చుకున్నాడు, తర్వాత చెప్పాడు. డిసెంబరు మొదటి ఆదివారం సంఘం ముందు టోర్‌స్టెన్ నిలబడి, తాను చేసింది తప్పనీ, అది దయ్యాల బల్ల అనీ చెప్పాలి. చెప్పకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాలి, ఇల్లు మిషన్‌ది కాబట్టి. అప్పుడిక అక్కడ మన దేశంలో, సరస్సు పక్కన మిషన్ వృద్ధాశ్రమమే మాకు గతి. అదే సమయానికి నీ ఉత్తరం. "ఆ ఒక్క మాట చెప్పేస్తే పోయేదేముంది గున్వోర్? చెప్పి, గౌరవంగా వచ్చెయ్యండి. గది ఈస్టర్ దాకా మీ కోసం ఉంచుతామన్నారు" అని.

పోయేదేముందో ఇప్పుడు చెబుతాను. ఇది ఎవరికీ రాయలేదు. పైన ఆ బల్ల గురించి రాసేటప్పుడు కూడా దాటేసి వచ్చాను.

ఆ రోజు టోర్‌స్టెన్ ఏడుస్తుంటే ఆయన్ని చూడలేక నేను బల్ల వైపు చూశాను. ఒక పక్కగా చిన్న రొట్టె బొమ్మ ఉంది. మిగతావన్నీ నల్లజుట్టువి. దీనికి మాత్రం మొక్కజొన్న పీచుతో బంగారు రంగు జుట్టు పెట్టారు. దాని ముందు ఆ గ్లాసు. కల్లు అంటని గ్లాసు. దాన్నిండా పాలు.

"ఇదెవరిది కాసిల్దా?" అన్నాను.

నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది. "మీ ఎలోఫ్‌ది. ఇంకెవరిది?"

వంగి ఆ బొమ్మ మొహం చూశాను.

"మీరు బల్ల వెయ్యరు గదా వదినా. అందరి పిల్లలూ ఇంటికి పోతారు, వాడెక్కడికి పోతాడు? స్మశానంలో మా అత్త పక్కనే ఉన్నాడు, ఆమెతో మా ఇంటికే వస్తాడు. వాడు కన్నుమూసిన ఏడు నుంచీ మా దగ్గరే తింటున్నాడు. కల్లు మాత్రం పెట్టనిచ్చేవాడు కాదు మా ఆయన. పాస్టరు కొడుకు, పాలు పెట్టు, వాళ్ల నాన్నకి తెలిస్తే ఊరుకోడు అనేవాడు."

అక్కా, ఎలోఫ్ నీకు తెలుసు. నాన్న పేరు పెట్టుకున్నాం, నడక రాకముందే పోయాడు. నువ్వే ఓదార్పు ఉత్తరం రాశావు, నా దగ్గర ఇంకా ఉంది. ఆ తర్వాత వాడి పేరు నేనూ టోర్‌స్టెనూ కూడా ఇంట్లో పలకడం మానేశాం. కానీ ఏటా నవంబరులో, టోర్‌స్టెన్ వాకిట్లో నిలబడి ఏ ఇంటిని తిడుతున్నాడో, ఆ ఇంట్లోనే వాడికి పాలు పోసేవాళ్లు. తిట్లు వింటూనే పోసేవాళ్లు. ఒక్కసారి కూడా మాకు చెప్పి మమ్మల్ని చిన్నబుచ్చలేదు.

దాన్ని దయ్యాల బల్ల అనమన్నారు అక్కా మీరు.

టోర్‌స్టెన్ అనడానికే సిద్ధపడ్డాడు, నా కోసం. శనివారం భోజనాల దగ్గర, "ఈ వయసులో నిన్ను రోడ్డు మీద నిలబెట్టలేను గున్వోర్" అన్నాడు. మర్నాడు, ఈ నెల మొదటి ఆదివారం, చర్చిలో ఆయన లేచి, "నేను ఆ రొట్టెలు తీసుకున్నాను" అన్నాడు. టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. నేను లేచాను. ఆడవాళ్ల వైపు బెంచీల్లోంచి ఎవరో నా శాలువా పట్టి లాగారు, కూర్చోమని. కూర్చోలేదు.

"మా ఆయన తప్పని చెప్పడు" అన్నాను. "చెప్పనివ్వను. చచ్చినవాళ్లు తిరిగొస్తారని నేను నమ్మను, నిన్నా నమ్మలేదు, రేపూ నమ్మను. మా అబ్బాయి దేవుడి దగ్గరున్నాడు, వాడికి ఆకలి లేదు. కానీ వాడికి ఆకలేస్తుందేమోనని ఈ ఊళ్లో ఒక ఇల్లు ప్రతి ఏడూ బెంగపడింది. ఆ బెంగ పాపమని చెప్పే నోరు నాకు లేదు. మీలో ఎవరికైనా ఉంటే లేచి చెప్పండి, వింటాను."

ఎవరూ లేవలేదు. విల్మర్ పాటల పుస్తకం తిరగేస్తున్నాడు. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. గుమ్మం బయట, లోపలికి రాకుండా, కాసిల్ద నిలబడి ఉంది. ఆవిడ చర్చి గుమ్మం దాకా రావడం అదే మొదలు. నేను టోర్‌స్టెన్ చెయ్యి పట్టుకుని ఆవిడ వైపు నడిచాను.

అందుకని అక్కా, ఇల్లు పోయింది. ఆ బుధవారమే ఖాళీ చేశాం. నెలాఖరు దాకా ఉండమని విల్మర్ బతిమాలాడు, ఒకరి దయ మీద ఒక పూట కూడా వద్దన్నాను. కాసిల్ద గాడిదని తోలుకొచ్చి సామానెత్తించింది. దారి ఎంతని, రోడ్డు దాటడమే. నేను గుమ్మంలో ఒక్క క్షణం ఆగితే, "రా వదినా. అది ఒట్టి గుడ్డముక్క, కరవదు" అంది జెండాని చూపించి.

ఈ ఉత్తరం ఆ జెండా కిందే కూర్చుని రాస్తున్నాను. కల్లు కుండలు పెట్టుకునే వెనకగది మాకిచ్చింది. గోడలకి పట్టిన వాసన ఎంత కడిగినా పోవడం లేదు. జన్మలో చుక్క తాగని నీ మరిది ఇప్పుడు చొక్కా నిండా కల్లు వాసనతో సంతకెళుతున్నాడు. నీవెస్ ముక్కు మూసుకుని, "పాస్టరయ్యా, పొద్దున్నేనా?" అంటోంది. ఆయనకి సగం వినబడదు, వినబడిన సగానికి నవ్వుతాడు. సాయంత్రం కప్ప ఆట మళ్లీ మొదలైంది, ఇప్పుడు కాసిల్దతో. ఆవిడ దొంగాట ఆడుతుంది.

నువ్వు మా కోసం ఆశ్రమం కమిటీ వాళ్ల చుట్టూ ఎంత తిరిగి ఉంటావో నాకు తెలుసు. నీ మీద కోపం ఈ పేజీ రాసేసరికి చల్లారింది. కానీ ఆ గది ఇంకెవరికైనా ఇప్పించు. సరస్సు కనబడే కిటికీ అని రాశావు. మా కిటికీలోంచి స్మశానం గోడ కనబడుతుంది, అది చాలు. ఇక మీద మిషన్ చిరునామాకి రాయకు. 'తెల్లజెండా ఇల్లు, మోయేపంప' అని రాయి, అందుతుంది.

వచ్చే నవంబరులో ఆ గ్లాసులో పాలు నేను పోస్తానని కాసిల్దని అడిగాను. "ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా తల్లీ" అంది, గ్లాసు తీసి నా చేతిలో పెట్టింది. ఇప్పుడు నా మంచం పక్కనే ఉంది. కడిగి బోర్లించాను.

ఇట్లు,
ఎక్కడికీ రాని నీ చెల్లెలు,
ఎలోఫ్ వాళ్లమ్మ,
గున్వోర్.