ఇలింక వ్యాసంలో మంచు

టీచరుగారూ,

మీరు మా మేనకోడలు ఇలింక చేత అబద్ధం రాయించారు. "మరపురాని శీతాకాలపు రోజు" అనే వ్యాసంలో తెల్లటి పరుపులా పరుచుకున్న మంచు లేదని పదికి నాలుగు మార్కులేసి, మంచు పెట్టి మళ్లీ రాయించారు. ఆ రోజు మంచు పడలేదండీ. వాన, బురద. ఆ బురదలో, పండక్కి కోసే పంది కాళ్లు పట్టుకున్నది నేనే.

క్రిస్మస్ పందిని కోసేచోట జాలిపడేవాళ్లుంటే దానికి ప్రాణం తేలిగ్గా పోదంటారు కదా. అందుకే ఏడుస్తున్న ఇలింకను వాళ్ల తాత, అంటే మా నాన్న, "లోపలికి పోవే!" అని గదిమాడు. కాసేపటికి కత్తి పొరుగింటి పెత్రే చేతికిచ్చి తనూ వెళ్లిపోయాడు. "ముసలాడు కొత్త పెళ్లికూతుర్లా దాక్కున్నాడ్రోయ్!" అని పెత్రే అరిచాడు. చలేసిందేమో అనుకున్నాను నేను.

లోపల దుప్పటి కింద జరిగింది ఇలింక మొదటి కాగితంలో రాసింది; అది మళ్లీ మీ చేతికొచ్చేలోపు నేను చదివాను.

"ఏం తాతా, నువ్వూ వచ్చేశావ్?"

"నోర్మూసుకుని జరుగు. నాకూ కాస్త దుప్పటివ్వు."

యాభై ఏళ్లుగా నాకు తెలియని మా నాన్నను ఆ పిల్ల అరపేజీలో చూపించింది. మీరు ఎర్రసిరాతో కొట్టేసింది ఆ అరపేజీనే. అందమైన మాటలు బట్టీ పట్టించే బడి, కళ్లతో చూసింది చెప్పడానికి భయపడే మనుషుల్ని తయారుచేస్తుంది. ఇప్పుడేమడిగినా ఇలింక "నాకు చెప్పడం రాదు మామయ్యా" అంటోంది.

కాబట్టి నేను కోరేవి ఇవి:

మొదట రాసిన కాగితం దానికి తిరిగివ్వండి.
బురదను బురదగానే ఉండనివ్వండి.
తాత మాటలు దిద్దకండి.
తరగతిలో దాని చేతే చదివించండి.
మీకు నవ్వొస్తే ఆపుకోకండి.

ఇలింక మేనమామ