కొత్త బండికి పాత దగ్గు

వాహన రిజిస్ట్రేషన్ అధికారి గారికి,
సింగపూర్.

అయ్యా,

విషయం: రాయితీపై కొన్న విద్యుత్ కారుకు పాత డీజిల్ కారు చప్పుడు అమర్చుకొనుటకు తాత్కాలిక అనుమతి కోరుట గురించి.

తోపాయో నివాసిని కో స్యూ ఎంగ్ అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. ఎక్కువ పొగ వదిలే బండి కొన్నవారిపై అదనపు రుసుము, తక్కువ ఇంధనముతో నడిచే బండి కొన్నవారికి రాయితీ అను తమ పథకమునకు నేను వ్యతిరేకిని కాను. పాత బండిని తుక్కుకిచ్చి ఈ కారు బుక్ చేయమన్నది మా నాన్నే. "పొగబండి కొంటే నువ్వు కట్టాలి, ఇది కొంటే వాళ్ళే ఇస్తారు. ఇందులో ఆలోచించేదేముందే, పిచ్చిమొహమా" అన్నాడు. కారు ఇంటికి వచ్చేలోపే పోయాడు. దీని చప్పుడు, అంటే చప్పుడు లేకపోవడం, ఆయన ఎన్నడూ వినలేదు.

2. నాన్న మార్కెట్లో ఆకుకూరలు అమ్మేవాడు. చూపు బాగా మందగించింది. మధ్యాహ్నం దుకాణం కట్టేసి బస్ స్టాపులో కూర్చునేవాడు. మా డీజిల్ బండి దగ్గు వినపడితే లేచి, కూరల బుట్టతో వెనక తలుపు తీసేవాడు. దగ్గు వినపడకపోతే ఎదురుగా ఏ బండి ఆగినా కదిలేవాడు కాదు.

3. ప్రస్తుతము మా చీనా పంచాంగము ప్రకారము ఏడో నెల నడుచుచున్నది. పోయినవారు ఇళ్ళకు వచ్చిపోవు నెల. మా ఇంట అన్నము, అగరుబత్తులు, ఆయన సిగరెట్టు పెట్టియుంచితిమి. రాలేదు. మొన్న కారులో మార్కెట్ దాటుతుంటే అమ్మ నా భుజం పట్టుకుంది.

"ఆపవే. మీ నాన్న కూర్చున్నాడక్కడ."

నాకు ఖాళీ బెంచీ కనిపించింది.

"చెవి ఇటే పెట్టున్నాడు. ముందునుంచే పోయాం, లేవలేదు. ఈ బండి పిల్లిలా పోతుంటే ఆయనకెలా తెలుస్తుంది?"

మరునాడు నేనే దిగి చూశాను. మండే ఎండలో, బెంచీ పక్కన, తడి బుట్ట దించినట్టు గుండ్రటి మచ్చ. నాకు భయంగా ఉంది. ఆయన కనిపిస్తాడని కాదు. ఆయన్ని రోజూ అక్కడే వదిలేసి వస్తున్నామని.

4. తనిఖీ కేంద్రమున విచారించగా అక్కడి కుర్రవాడు నవ్వి, "ఆంటీ, అందరూ మోత తగ్గించుకోడానికొస్తారు, మీరేంటి పెంచమంటారు? కుదరదు" అనెను.

కావున, నా ఫోనులో మిగిలియున్న పాత బండి చప్పుడును ఒక చిన్న స్పీకరు ద్వారా, మార్కెట్ నుండి మా ఇంటి వరకు మాత్రమే, వినిపించుకొనుటకు అనుమతింప ప్రార్థన. బదులుగా రాయితీ వెనక్కి తీసుకొనినను, పొగబండి రుసుము విధించినను అభ్యంతరము లేదు. నెల ముగిసి, పోయినవారి లోకపు ద్వారము మూసిన పిమ్మట వచ్చు అనుమతి మాకు పనికిరాదని కూడ దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కో స్యూ ఎంగ్

తాజా కలము: అయ్యా, ఈ అర్జీ పోస్టులో వేయడానికి వెళ్తూ మార్కెట్ ముందు ఆగాం. అమ్మ కిటికీ దించి, నోటితోనే ఆ బండిలా దగ్గింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నవ్వారు. అమ్మ ఆపలేదు. వెనక తలుపు తెరుచుకుంది, మూసుకుంది. బండి కదలగానే, వెనక సీట్లో మనిషి బెల్టు పెట్టుకోలేదని గంట మొదలైంది. సీట్లో సంచి కూడా లేదు. ఇల్లు చేరేదాకా మోగుతూనే ఉంది. నాన్న బతికుండగా కూడా బెల్టు పెట్టుకోలేదు.

అనుమతి ఇక అక్కర్లేదు. బెల్టు జరిమానా మాత్రం పంపండి, నాన్న పేరు మీదే. సంతోషంగా కడతాను.