లెక్కల మేడం కారు

మావయ్యకు నమస్కారాలు.

ఏళ్ళ తరబడి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఎవరైనా ప్రేమగా చేసిపెట్టిన పని చెడితే, ఆ సంగతి వాళ్ళకి చెప్పాలా, లోపలే దాచుకోవాలా? ఫోనులో అడుగుదామంటే నీకు వినపడదు. అరిచి అడిగే ప్రశ్న కాదిది.

నువ్వు జబ్బుపడి లేచాక రంగు వేసిన మొదటి కారు నాదే కావడం నా అదృష్టం. అది బ్రహ్మాండంగా ఉంది. ఇబ్బందల్లా మా కాలేజీలో లెక్కల మేడం కారుతోనే. రంగుమీద మెరుపు కోసం వేసే క్లియర్ కోట్ ఉందే, పాపం ఆవిడ కారుకి వారాలు గడిచినా గట్టిపడలేదు. వేలు ఆనిస్తే చాలు, ముద్ర పడుతోంది. ఏం చెయ్యమంటావు?

నీ మేనకోడలు

తా.క. నిన్న బానెట్ మీద పిల్లి పడుకుంది. పిల్లి లేచి వెళ్ళింది గానీ పొట్టకింది బొచ్చు అక్కడే ఉండిపోయింది. లెక్కల మేడం బానెట్ సంగతే చెప్తున్నాను.

•

చిట్టితల్లికి ఆశీస్సులు.

ఆ కారుకి రంగేసినవాడెవడు? వాడి చెవి మెలెయ్యాలి! క్లియర్ దానంతటది గట్టిపడదమ్మా, అందులో హార్డెనర్ కలపాలి. రెండు పాళ్ళకి ఒక పాలు. ఆ మహానుభావుడు కొలతైనా తగ్గించి ఉంటాడు, ఒక పూత ఆరకముందే ఇంకోటైనా బాది ఉంటాడు. దానిమీదే మళ్ళీ వెయ్యనివ్వకు. అడుగు మెత్తగా ఉంటే పైన ఎన్ని వేసినా దండగే. థిన్నరుతో మొత్తం తుడిచేసి మొదట్నుంచీ వెయ్యాలి. వాడి అడ్రసు పంపు.

త్వరలో డాక్టరుగారి కారు మొదలుపెడుతున్నాను. నన్ను లేపి నిలబెట్టినాయన. ఆయన కారు అద్దంలా ఉండాలి.

మావయ్య

తా.క. నేను, అత్తయ్యని. ఆయన చెయ్యి వణుకుతోంది కదా, చెబుతుంటే నేను రాశాను. 'వెధవ' అన్నచోటల్లా తీసేశాను. ఆ పెయింటరు సరే, వాడి పెళ్ళాం ఎంత బాధపడుతోందో పాపం!

•

మావయ్యకు,

చెవి మెలెయ్యకు. ఆ పెయింటరు చాలా మంచివాడట. మేడాన్ని చిన్నప్పుడు భుజాలమీద ఎక్కించుకుని ఊరంతా తిప్పాడట. పూత సంగతి చెబితే మళ్ళీ స్ప్రే గన్ను ముట్టుకోడేమోనని ఆవిడ భయం. కారుని షెడ్డులో పెట్టి తాళం వేసేసింది.

డాక్టరుగారి కారు కొన్నాళ్ళు ఆపకూడదూ? వానలు కదా.

నీ మేనకోడలు

తా.క. షెడ్డులో పెట్టకముందు గాలికి న్యూస్‌పేపరు ఎగిరొచ్చి డోరుకి అతుక్కుంది. పీకితే కాగితం వచ్చింది, వార్త రాలేదు. అక్షరాలు తిరగబడి ఉన్నాయని వాళ్ళాయన చేతద్దం తెచ్చుకుని చదివాడట.

•

చిట్టితల్లికి,

ఇక లాభం లేదు. ఆదివారం నేనే వస్తున్నాను. మీ మేడం కారు ఉచితంగా బాగుచేస్తాను. ఆ పెయింటర్నీ పిలిపించు. ఎదురుగా కూచోబెట్టి పని నేర్పిస్తాను.

మావయ్య

తా.క. నేర్పేటప్పుడు కసరొద్దని నేను చెప్పాను. వాడూ పెద్దవాడేమో, ఎవరికి తెలుసు. — అత్తయ్య

•

మావయ్యా,

రావద్దు. మేడం కారు అమ్మేసింది.

కంగారులో,
నీ మేనకోడలు

తా.క. పిల్లి బొచ్చుతో సహా.

•

చిట్టీ,

అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. ఈసారి నేనే రాస్తున్నాను, పోస్టాఫీసు బల్లమీద.

అది నీ కారేనని మొదటి ఉత్తరంలోనే తెలిసింది. నీకు అబద్ధమాడటం చిన్నప్పట్నుంచీ చేతకాదు.

ఆరోజు హార్డెనర్ కొలిచింది మీ అత్తయ్య. వాసన ఘాటుగా ఉందని కాస్త తగ్గించింది. 'ఉప్పులాంటిదే కదండీ, తక్కువైతే తర్వాత వేసుకోవచ్చు' అంది. జబ్బులో ఉన్నన్నాళ్ళూ నాకు చెంచాతో గంజి తాగించిన మనిషి, కొలత కప్పు పట్టుకుని 'ఎంత బాగా వేశాం మనం!' అని మురిసిపోతుంటే ఏమని చెప్పను? ఆ తిట్లన్నీ కావాలనే ఆవిడ చేత రాయించాను, అనుమానమైనా వస్తుందేమోనని. వచ్చింది జాలి, అదీ పెయింటరు పెళ్ళాం మీద.

డాక్టరుగారికి ఇంక సాకులు చెప్పలేను. అత్తయ్యకి నువ్వే చెప్పాలి.

మావయ్య

తా.క. ఏమో, తప్పు నా చేతిదేనేమో కూడా. కారుని ఎండలో పెట్టి చూడు. పూత మందమైతే మెల్లగా గట్టిపడుతుంది. కొలత తగ్గితే ఎప్పటికీ గట్టిపడదు. నా చెయ్యే అయితే షాపు మూసేస్తాను.

•

మావయ్యకీ అత్తయ్యకీ కలిపి,

ఎప్పటిలాగే ఇది అత్తయ్యే విప్పి మావయ్య చెవిదగ్గర పైకి చదువుతుంది. తెలిసే రాస్తున్నాను.

మావయ్యా, నీ ఉత్తరంతోపాటే అత్తయ్య విడిగా రాసిన ఉత్తరమూ వచ్చింది. 'లెక్కల మేడానికి కారెక్కడిదే? నేనొచ్చినప్పుడు బస్సు కోసం పరిగెత్తింది కదా! అది మీ కారే. మీ మావయ్య చెయ్యి వణికి పూతమీద పూత పడిపోవడం కళ్ళారా చూశాను. పెయింటరు పెళ్ళాం బాధపడుతోందని రాశాను, నీకైనా అర్థమవుతుందేమోనని. ఆయనకి మాత్రం చెప్పకు' అని.

అత్తయ్యా, హార్డెనర్ ఉప్పు కాదట.

ఆదివారం ఇద్దరూ రండి. ముగ్గురం కలిసి తుడిచేద్దాం. ఈసారి కొలత కప్పు మావయ్యది. గీతదాకా పోయడానికి చెయ్యి వణికినా ఫర్వాలేదు. గన్ను అత్తయ్యది, పక్కన నిలబడి నువ్వు చెబుతూ ఉండు మావయ్యా. కుదిరితే డాక్టరుగారి కారూ ఇలాగే. షాపు ముయ్యడం మాట మళ్ళీ ఎత్తకు.

మీ చిట్టి

తా.క. వానలు వెలిశాయి, బయట మంచి ఎండ. కారు మాత్రం షెడ్డులోనే ఉంది. బయటికి తీస్తే తప్పెవరిదో తేలిపోతుంది. తియ్యకుండా తుడిచేస్తే ఇంక ఎప్పటికీ తేలదు. తాళంచెవి పట్టుకుని షెడ్డుదాకా వెళ్ళడం, తిరిగి వచ్చెయ్యడం, ఇదే పని. మీ ఇద్దరికీ ఇంత చెప్పేశాను గానీ, చెప్పడం మంచిదైందో కాదో నాకింకా తెలియడం లేదు.