పాత చిరునామా

మంగళవారం రాత్రి, గూడూరు

మా షాపింగ్ సైట్‌లో కొనేవాళ్ల పాత చిరునామాకు ముందే టిక్ పెట్టి చూపించే డిజైన్ నాదే. వాళ్లకు ఒక నొక్కు తగ్గుతుందని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. తుఫాను వస్తోందని మొన్న ఛార్జింగ్ లైటు కొన్నాను. ఆ టిక్ నేనే గమనించలేదు. లైటు ఇవాళ మధ్యాహ్నం వెంకటాచలంలో శ్రీను ఇంటికి చేరింది. విడాకులయ్యాక అతను ఫోన్ చేయడం ఇదే మొదటిసారి.

"నీ పార్సిల్ ఈడికొచ్చినాది. ఎవురి చేతన్నా పంపించేదా?"

"వద్దులే, నువ్వే పెట్టుకో. ఆడ కూడా కరెంటు పోతాది గదా."



"తిన్నావా?" అన్నాడు.

తిన్నానన్నాను. అప్పటికి పొయ్యి కూడా వెలిగించలేదు. సరేనని పెట్టేశాడు.

సాయంత్రం మేనేజరుకు చెప్పి ఆ టిక్ తీసేశాను. ఇకనుంచి డబ్బు కట్టేముందు ఎక్కడికి పంపాలో సైట్ అడుగుతుంది. ఆ తర్వాత నా ఖాతా తెరిచి, వెంకటాచలం చిరునామా పక్కన 'తొలగించు' నొక్కాను. 'నిజంగా తొలగించాలా?' అని వచ్చింది. ఆ మాటలు రాసింది కూడా నేనే. చాలాసేపు చూసి 'వద్దు' నొక్కాను. ఇవాళ్టికి ఉండనీ...