పదో తరగతి ఫలితాలు, ఖాళీ మెట్లు

బాన్సువాడ, బుధవారం.

ఈ రోజు పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఏమండీ, మీరు పోయాక ఇది చదవలేరని తెలిసీ రాస్తున్నాను.

మన నెట్ సెంటర్ మెట్ల మీద ఒక్కరూ లేరు. అప్పట్లో బిచ్కుంద నుంచి కూడా పిల్లలు హాల్‌టికెట్లు పట్టుకుని వచ్చేవారు. పాసైన నంబర్లు మీరు గట్టిగా చదివేవారు. ఫెయిలైన వాళ్లతో మాత్రం, "ప్రింటర్ ఆగింది, జర లోపల కూసో బిడ్డా" అని, ఛాయ్ తాగించి మెల్లగా చెప్పేవారు. ఆ అబద్ధం నాకు నచ్చేది కాదు.

పక్కింటి లావణ్య తన ఫలితం ఫోన్‌లో ఒంటరిగా చూసుకుంది. లెక్కల్లో ఫెయిల్. గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. వాళ్లమ్మ పిలిచినా తియ్యలేదు. నేను వెళ్లి తలుపు కొట్టాను.

"ఏడ్చుడు తర్వాత. ముందు తలుపు తియ్యి."

"నువ్వు తిడ్తవ్ అవ్వా."

"తిడ్త. తిన్నంక తిడ్త."

కాసేపటికి గడియ తీసింది. ఇప్పుడు మన వంటింట్లో అన్నం తింటోంది. తర్వాత ఏం మాట్లాడాలో మీకు తెలిసేది, నాకు తోచడం లేదు.

ఇక జరగవలసినవి:

1. ఈ రాత్రి లావణ్య నా పక్కన పడుకోవాలి.
2. రేపు సప్లిమెంటరీ ఫీజు కట్టించాలి.
3. ఎల్లుండి నుంచి నేను లెక్కలు చెప్పాలి.
4. మళ్లీ ఫలితాలు వచ్చిన రోజు, ఫోన్ తెరిచే ముందు తను నా దగ్గరికి రావాలి. రాకపోతే నేనే వెళ్లాలి.